పాత కిటికీలో పోయిన పేర్లు

జసింతకు తన గురువు మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. కొత్తవన్నీ తెలిసిన మనిషి, పాతదాన్ని మాత్రం బయట పారెయ్యనివ్వదు.

గురువంటే గడ్డమూ జింకచర్మమూ ఊహించుకోనక్కర్లేదు. మదర్ అగాతమ్మకు ఉన్నవి మోకాళ్ళ నొప్పులూ, మందపాటి కళ్ళద్దాలూ, చెంగు మీద ఎప్పుడూ ఇంత పసుపు మరకా. పల్నాడులో నాపరాళ్ళ క్వారీల పక్కనున్న ఆ చిన్న మఠానికి ఆవిడే పెద్ద. మఠమంటే కొద్దిమంది మఠకన్యలు, ఒక గుడి, ఒక బడి, ఒక చిన్న ఆసుపత్రి, ఒక చింతచెట్టు. శనివారం పాపసంకీర్తనాలు వినడానికీ, ఆదివారం పూజకూ పక్క ఊరి నుంచి మోటారు సైకిలు మీద వచ్చే ఫాదర్ గారు తప్ప, ఆ గోడల మధ్య మగగొంతు వినపడదు. అందుకే అక్కడ పనులు సాగుతాయని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకునేవారు.

మదర్ ఒకప్పుడు లెక్కల టీచరు. బడికి ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్లు మూలనపడి ఉంటే, వాటిలో విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించడం తనంతట తనే నేర్చుకుంది. "మూత తీసి లోపల చూస్తానంటే వద్దనని యంత్రం ఇదొక్కటే," అనేది. "నీకెందుకమ్మా ఇవన్నీ, అని దీనితో ఇంతవరకూ అనిపించుకోలేదు."

జసింత బీసీఏ చదివి మఠంలో చేరింది. ఇంకా నోవీసు, అంటే శిక్షణలో ఉన్న పిల్ల. వచ్చే మరియమాత పండక్కి మఠకన్యగా తొలి మాటపట్టు ఇచ్చి, తెల్లచీర వదిలి బూడిదరంగు చీర కట్టాలి. నల్లటి తెర మీద ఆజ్ఞలు రాసి యంత్రాన్ని నడపడం మదర్ దగ్గరే నేర్చుకుంది. కొద్దికాలంలోనే గురువును దాటిపోయింది. ఆ సంగతి పిల్లకు తెలుసు. గురువుకూ తెలుసు. పైకి ఎవరూ అనలేదంతే. భోజనాల గదిలో అందరూ ఆ పిల్లను "మన ఇంజినీరమ్మ" అని పిలిచేవారు. వద్దని ఎప్పుడూ అనలేదు జసింత.

చిక్కు శౌరమ్మ సిస్టర్ దగ్గర వచ్చింది.

శౌరమ్మ సిస్టర్ వయసంతా ఆ ఆసుపత్రిలో కాన్పులు చేసింది. నడుం ఇక వంగనన్నాక మానేసి, పుస్తకం రాయడానికి కూచుంది. ఆ ఆసుపత్రి రికార్డుల్లో కాన్పుకు వచ్చిన ఆడవాళ్ళ పేర్లు ఉండవు. క్వారీ మస్తాను భార్య. పెద్ద యోహాను భార్య. మేస్త్రీ భార్య, రెండవది. అలా ఉంటాయి. నొప్పులు పడింది ఒకరు, పేరెక్కింది ఇంకొకరిది. ఆ మస్తాను ఆ వేళ సారా కొట్టు దగ్గరున్నాడని కూడా శౌరమ్మ సిస్టర్‌కు గుర్తే. ఎవరు ఏ వానలో వచ్చారు, ఎవరు ఊరంతా వినపడేలా అరిచారు, ఎవరు అరవకుండా తన మణికట్టు కొరికారు, అన్నీ గుర్తు. వాళ్ళ పేర్లు, వాళ్ళ కథలు రాస్తోంది. ఆవిడ బుర్రలో తప్ప ఆ పేర్లు ఇంకెక్కడా లేవు.

రాసేది పాత విండోస్‌లో, అంతకంటే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఒక ఎండాకాలం ఆ కంప్యూటరు కాలిపోయింది. అదృష్టం బాగుండి లోపలి డిస్కు బతికింది.

"కొత్త కీబోర్డు నేర్చుకోండి సిస్టర్," అంది జసింత. "లినక్స్‌లో తెలుగు ఇంకా తేలిక. వారం చాలు."

"నా వేళ్ళకి 'క' ఎక్కడుందో తెలుసమ్మాయ్," అంది శౌరమ్మ సిస్టర్. "నువ్వు దాన్ని తీసుకెళ్ళి ఇంకోచోట పెట్టావనుకో. నేను 'క' కోసం వెతుక్కుంటూ ఉంటాను. ఈలోపు నాకు తన సంగతి చెబుతున్న మనిషి లేచి వెళ్ళిపోతుంది."

జసింత మదర్ దగ్గరకెళ్ళి మొర పెట్టుకుంది. "చచ్చిపోయినదాన్ని ఇంకా మొయ్యడమెందుకు మదర్? గదంతా లినక్స్ అయింది. ఆవిడొక్కరి కోసం వెనక్కెళ్ళాలా?"

మదర్ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. "శౌరమ్మ సిస్టర్ ఏ కంచంలో తింటుంది?" అని అడిగింది.

"ఆ సొట్టపోయిన సత్తు కంచంలో."

"స్టీలు కంచాలు వచ్చాక అది పారేశామా?"

"లేదు."

"లినక్స్ లోపలే దానికో గది కట్టు," అని ఇంకో చిక్కుడుకాయ అందుకుంది మదర్.

జసింత కట్టింది. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. లినక్స్ మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలో పాత కంప్యూటరు మొత్తం లేచి కూచుంటుంది, అదే నీలం రంగుతో, అదే పాత పాటతో. తను ఇంకొకరింట్లో ఉన్నానని దానికి తెలియదు. యంత్రమంతా తనదేననుకుని పని చేసుకుంటుంది. పాత డిస్కులోంచి తీసిన శౌరమ్మ సిస్టర్ అధ్యాయాలన్నీ అందులో ఎక్కడివక్కడ ఉన్నాయి.

శౌరమ్మ సిస్టర్ కుర్చీలో కూచుని వేళ్ళు ఆనించింది. 'క' ఉన్నచోటే ఉంది. జసింత చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "పదికాలాలు బతుకు పిల్లా," అంది.

జసింతకు ఆ మెప్పు నచ్చింది కానీ ఆ గది నచ్చలేదు. తను ఊడ్చి తుడిచి అద్దంలా ఉంచుకున్న లినక్స్ మధ్యలో ఆ పాత కిటికీ ఆమెకు ఎంగిలి గిన్నెలా కనపడేది. ఒకరోజు ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చిన పెన్‌డ్రైవు ఆ పాత గదిలోకి వైరస్ తెచ్చింది. లినక్స్‌కు ఏమీ కాలేదు. కానీ జసింతకు ఒళ్ళు మండింది. పాత గదిని శుభ్రం చేసి, దానికొక స్నాప్‌షాట్ తీసింది. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ఆ గది ఎలా ఉందో అలాగే పట్టి ఉంచడం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్క నొక్కుతో గదిని ఆ క్షణానికి తీసుకుపోవచ్చు. తరవాత చేరిన మురికంతా పోతుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. పాత గదిని మూసినప్పుడల్లా దానంతట అదే స్నాప్‌షాట్‌కు వెళ్ళిపోయేలా ఒక చోట టిక్కు పెట్టింది. సాయంత్రం జపానికి గంట కొట్టగానే కంప్యూటర్లన్నీ మూసే పని జసింతదే. రోజూ మూస్తుంది. రోజూ శుభ్రమవుతుంది. ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదనుకుంది. ఇల్లు తుడిచేవాళ్ళు తుడుస్తున్నామని చెప్పి తుడుస్తారా?

మురికితో పాటు ఇంకేం పోతుందో ఆలోచించలేదు.

మర్నాడు శౌరమ్మ సిస్టర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మాయ్, నిన్న హుస్సేనమ్మ సంగతి రాశాను. కనపడట్లేదు. పాతవన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు."

జసింత తన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "సేవ్ చేసి ఉండరు సిస్టర్."

"చేశాననే అనుకున్నానే."

"అనుకుని ఉంటారు."

హుస్సేనమ్మంటే రికార్డుల్లోని క్వారీ మస్తాను భార్య. రాళ్ళ లారీ మీద, టార్పాలిన్ కింద కన్నది. శౌరమ్మ సిస్టర్ మళ్ళీ మొదట్నుంచి రాసింది. మర్నాటికి అదీ లేదు.

"మళ్ళీ మర్చిపోయారా?" అంది జసింత. ఈసారి నవ్వింది కూడా. చెడ్డ నవ్వేం కాదు. చిన్నపిల్లలు లాగూ తిరగేసి తొడుక్కుంటే నవ్వుతామే, అలాంటి నవ్వు.

ఆ నవ్వు భోజనాల గదికి పాకింది. "శౌరమ్మ సిస్టర్‌కి ఇవాళ పెరుగు రెండుసార్లు వెయ్యండర్రా, మొదటిసారి వేసింది గుర్తుండదు," అనేది క్లారమ్మ సిస్టర్. అందరూ నవ్వేవారు. శౌరమ్మ సిస్టర్ కూడా నవ్వేది. ముసలి ఆడదాని మతి మీద జోకు వేస్తే ఆ ముసలామే ముందు నవ్వాలి. లేకపోతే కోపిష్టిది కూడా అంటారు.

మూడోసారి పోయినప్పుడు ఎవరినీ అడగలేదు ఆవిడ. నరసరావుపేట వెళ్ళి డాక్టరుకు చూపించుకుంది. వయసు కదమ్మా, అన్నాడాయన. జ్ఞాపకశక్తికని ఒక టానిక్ రాశాడు. మందులు మర్చిపోకుండా ఇచ్చే పని జసింతకు అప్పగించారు. మర్చిపోవడం తెలియని పిల్ల కదా.

రోజూ పొద్దున స్పూనులో పోసి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేది జసింత. శౌరమ్మ సిస్టర్ ముఖం చిట్లించి మింగేది. "చేదు," అనేది. "మంచిదే సిస్టర్," అనేది జసింత.

అసలు సంగతి ఒక పొద్దున బయటపడింది. ముందురోజు జసింతే ఆ పాత గదిలో ఒక కొత్త తెలుగు ఫాంటు పెట్టింది, పుస్తకం అట్టకు పనికొస్తుందని. తెరిచి చూస్తే లేదు. నేను పెట్టానే, అనుకుంది. పెట్టింది తను. మర్చిపోయే మనిషి కాదు తను.

అప్పుడు ఆ టిక్కు గుర్తొచ్చింది.

సెట్టింగులు తెరిచి చూసింది, టిక్కు ఉన్నచోటే ఉంది. చెవులు కాలిపోయాయి. స్నాప్‌షాట్ తరవాత రాసి, అలా పోయిన పేజీలు ఎక్కడా ఉండవు. లినక్స్ మొత్తం గాలించినా దొరకవు. అది ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

టిక్కు తీసేసింది. ఇకనుంచి ఏమీ పోదు. ఆ మాట తనకు తనే రెండుసార్లు చెప్పుకుంది.

ఇంతలో ఫలహారాల గంట కొట్టారు. శౌరమ్మ సిస్టర్ బల్ల దగ్గర కూచుని ఉంది, నోరు కాస్త తెరిచి, పిల్లలా. జసింత టానిక్ సీసా మూత తీసింది. చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. చెబితే ఇంజినీరమ్మ ఏమవుతుంది? మాటపట్టు ఇవ్వనిస్తారా? రేపు చెబుతాను, నిదానంగా, ఎవరూ లేనప్పుడు.

స్పూనులో టానిక్ పోసింది. రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి.

"చేదు," అంది శౌరమ్మ సిస్టర్.

జసింత మంచినీళ్ళ గ్లాసు అందించింది.

ఆ రోజే శౌరమ్మ సిస్టర్ రాయడం మానేసింది. అలిగి మానేస్తే ఎవరైనా బతిమాలేవారు. ఆవిడ నెమ్మదిగా మానేసింది. "నిన్న సేవ్ చేశానో లేదో తెలియని దాన్ని. ఎప్పుడో పుట్టిన పిల్లల తల్లుల పేర్లు చెబితే ఎవరు నమ్మాలి?" అంది మదర్‌తో. "ఆ లారీ మీద కన్నది హుస్సేనమ్మేనా? వాళ్ళ తోడికోడలు మస్తానమ్మా? మొదటిసారి ఒకటి రాసి రెండోసారి ఇంకొకటి రాశానేమో. పోయాయి కాబట్టి చూసుకోవడానికీ లేదు. తప్పు పేరు రాసేకంటే రాయకపోవడమే నయం."

పూజకు వచ్చే ఫాదర్ చిన్నప్ప గారు ఆ సంగతి తెలిసి ఓదార్చారు. "దిగులెందుకు సిస్టర్? ఆసుపత్రి చరిత్ర నేను వేయిస్తాను. రికార్డులు ఉన్నాయిగా, పక్కాగా."

పక్కాగా ఉన్నాయి. క్వారీ మస్తాను భార్య. పెద్ద యోహాను భార్య. మేస్త్రీ భార్య, రెండవది.

మధ్యాహ్నాలు శౌరమ్మ సిస్టర్ వరండాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచునేది. అప్పుడప్పుడూ వేళ్ళు కదిలేవి, 'క' ఉన్నచోట, 'మ' ఉన్నచోట. జసింత అటువైపు నుంచి వెళ్ళడం మానేసి, బడి చుట్టూ తిరిగి వెళ్ళేది. అన్నం సయించేది కాదు. టానిక్ మాత్రం పొద్దున్నే ఇస్తూనే ఉంది. మానేస్తే ఎందుకని అడుగుతారు.

శనివారం తప్పు ఒప్పుకోవడానికి గుడికి, పాపసంకీర్తనానికి వెళ్ళింది. జాలీకి ఇటువైపు మోకరించి అంతా చెప్పుకుంది. జాలీకి అటువైపు ఫాదర్ గారు ఓపిగ్గా విన్నారు. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు, మళ్ళీ అలా చెయ్యొద్దన్నారు, క్షమించి పంపారు.

జసింత గుడి మెట్లు తేలిగ్గా దిగింది. ఇన్నాళ్ళకు ఆకలేసింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. మదర్ పొయ్యి మీద పప్పు ఉడికిస్తోంది.

"ముఖం కడిగినట్టుంది, ఏంటి సంగతి?" అంది మదర్.

ఆ తేలికలో జసింత చెప్పేసింది. టిక్కు సంగతి, పేజీల సంగతి, తెలిశాక కూడా చెప్పని సంగతి. "ఇప్పుడే ఫాదర్ గారి దగ్గర ఒప్పుకున్నాను మదర్. క్షమించారు."

మదర్ గరిటె తిప్పుతూనే ఉంది.

"ఫాదర్ గారి పేజీలేమైనా పోయాయా?"

జసింతకు అర్థం కాలేదు. "లేదు మదర్."

"ఆయనేమైనా టానిక్ తాగుతున్నారా?"

పొయ్యి వేడి ముఖానికి కొట్టింది. ఆకలి పోయింది.

మదర్ పప్పు కిందికి దించి మూత పెట్టింది. చేతులు తుడుచుకుంది. "పద, కంప్యూటర్ గదిలోకి. వెళ్తూ శౌరమ్మ సిస్టర్‌ని కూడా రమ్మను."

శౌరమ్మ సిస్టర్ గోడ పట్టుకుని నిదానంగా వచ్చేలోపు మదర్ జసింతను కుర్చీలో కూచోబెట్టింది.

"ఆ పాత గదిలో ఇప్పుడు పోవడానికి ఏమైనా ఉందా?"

"లేదు మదర్. స్నాప్‌షాట్ తరవాత అందులో ఏమీ లేదు. సిస్టర్ ఆ రోజు నుంచి..."

"ఆ టిక్కు మళ్ళీ పెట్టు."

జసింత తలెత్తి చూసింది. మదర్ కళ్ళద్దాల్లో తెర వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. టిక్కు పెట్టింది. పాత కిటికీ తెరిచింది. పాత పాట మోగింది. గుమ్మం దగ్గర శౌరమ్మ సిస్టర్ ఆ పాట విని ఆగింది. ఆ ముఖంలో ఒక్కసారి ఏదో వెలిగి ఆరిపోవడం జసింత చూసింది.

"రండి సిస్టర్, కూచోండి," మదర్ జసింతను లేపి ఆ కుర్చీ ఆవిడకు చూపించింది. "ఒక పేరు రాయండి."

"ఏ పేరు? నాకే పేరూ ఖాయంగా తెలియదు మదర్. నా పేరు తప్ప."

"అదే రాయండి."

శౌరమ్మ సిస్టర్ వేళ్ళు ఒక్క క్షణం గాల్లో ఆగాయి. తరవాత దిగాయి. వెతుక్కోలేదు. *శౌరమ్మ* అని తెర మీద పడింది.

"సేవ్ చెయ్యండి."

"ఈ పిల్లని చెయ్యమనండి. నేను మర్చిపోతాను."

"మీరే చెయ్యండి."

చేసింది. ఫైలుకు కూడా తన పేరే పెట్టింది. మదర్ జసింత వైపు తిరిగింది. "సేవ్ అయిందా?"

"అయింది."

"నాకు వినపడలేదు."

"అయింది మదర్."

"మూసెయ్యి. మళ్ళీ తెరువు."

జసింత మూసింది, తెరిచింది. యంత్రం లేవడానికి కొద్దిసేపు పట్టింది. బయట క్వారీలో రాయి కోసే రంపం చప్పుడు వినపడుతోంది. నీలం రంగు వచ్చింది. పాత పాట మోగింది. పాత అధ్యాయాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. శౌరమ్మ అనే ఫైలు లేదు.

శౌరమ్మ సిస్టర్ తెర దగ్గరికి వంగి చూసింది. చూపుడు వేలు పెట్టి ఒక్కో ఫైలు పేరూ చదివింది. ఆవిడ చెయ్యి కిందికి జారింది.

"అయ్యో దేవుడా," అంది. "ఇప్పుడు కూడా సేవ్ చెయ్యలేదా నేను?"

జసింత మదర్ వైపు చూసింది. మదరైనా చెబుతుందని చూసింది.

"పప్పుకు పోపు పెట్టాలి," అని మదర్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. శౌరమ్మ సిస్టర్ తన అరచేతులు తిప్పి చూసుకుంటోంది, అక్కడేదో తప్పు దొరుకుతుందన్నట్టు.

"మీరు చేశారు సిస్టర్," అంది జసింత.

"ఏంటీ?"

"సేవ్ చేశారు. నేను చూశాను. ప్రతిసారీ చేశారు. నేనే... ఇదుగో, ఈ టిక్కు. ఇది పెట్టింది నేను. మూసినప్పుడల్లా మీరు రాసింది పోయేది. మీకు మతిమరుపు లేదు."

శౌరమ్మ సిస్టర్ ఆ టిక్కు వైపు వంగింది. కాన్పు గదిలో బిడ్డ తల ఎటు తిరిగి ఉందో చూసే మనిషిలా చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు రాయడం మానేసిన రోజు. పొద్దున."

"పొద్దునంటే, టానిక్‌కి ముందా, తరవాతా?"

జసింత నేల వైపు చూసింది. "ముందు."

"ఆ రోజు రెండు చుక్కలు బల్ల మీద పోశావు," అంది శౌరమ్మ సిస్టర్. గొంతు లేవలేదు. "పిల్లకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను."

జసింత మోకాళ్ళ మీద కూలబడింది. "క్షమించండి సిస్టర్."

శౌరమ్మ సిస్టర్ ఆ మాట వినిపించుకోనట్టే ఉంది. "నొప్పులతో వచ్చిన ప్రతి ఆడదానికీ నేనొక మాట చెప్పేదాన్ని. అత్త చెప్పిందని, మొగుడు చెప్పాడని వినొద్దమ్మా, నీ ఒంట్లో ఏం జరుగుతోందో నీకే తెలుసు, నువ్వు చెప్పు, నేను వింటాను, అని. ఎంతమందికి చెప్పానో." ఆవిడ నవ్వబోయింది, రాలేదు. "నా సంగతి వచ్చేసరికి నీ మాట విన్నాను."

"సిస్టర్..."

"లే. ఆ టిక్కు తీసెయ్యి."

జసింత లేచి తీసేసింది.

"తీసేశావా? నేను చూడాలి. ఆఁ, సరే. ఇక వెళ్ళు. క్షమించడాలూ అవీ తరవాత. హుస్సేనమ్మ ఇన్నాళ్ళ బట్టీ ఆ లారీ మీదే ఉంది."

జసింత తలుపు దగ్గరకు వెళ్ళేసరికే వెనక కీబోర్డు చప్పుడు మొదలైంది. ఒక్క అక్షరానికీ ఆగకుండా, వాన పట్టినట్టు.

ఆదివారం పూజయ్యాక ఫాదర్ చిన్నప్ప గారు మఠంలోనే భోజనం చేశారు. ఆసుపత్రి రికార్డులు పట్టుకెళ్ళడానికి సంచీ కూడా తెచ్చుకున్నారు. బల్లకు ఆ చివర ఆయన, ఈ చివర జసింత, మధ్యలో సిస్టర్లు. శౌరమ్మ సిస్టర్ సొట్ట కంచం పక్కన ఎప్పటిలాగే టానిక్ సీసా ఉంది.

"శౌరమ్మ సిస్టర్, పూజలో సత్ప్రసాదానికి నాలుక చాపారా, లేక అదీ మర్చిపోయారా?" అంది క్లారమ్మ సిస్టర్. నవ్వులు లేచాయి.

మదర్ అన్నం గిన్నె పట్టుకుని వడ్డించుకుంటూ వస్తోంది. శౌరమ్మ సిస్టర్ దగ్గర ఆగింది. ఎడమ చేత్తో టానిక్ సీసా తీసుకుంది. బల్ల చివరిదాకా నడిచి దాన్ని జసింత కంచం పక్కన పెట్టింది. చెంగున దోపుకున్న స్పూను తీసి, అదీ పెట్టింది. జసింతకు అన్నం వడ్డించి పక్కకు జరిగింది.

నవ్వులు ఆగాయి.

"ఇదేంటి మదర్?" అంది క్లారమ్మ సిస్టర్. "జసింతకు టానికా? ఇంత చిన్నదానికి మతిమరుపేంటి?"

"మతిమరుపు ఎవరికో ఆ అమ్మాయికి తెలుసు," అంది మదర్. "ఫాదర్ గారూ, పప్పు వేసుకోండి. చల్లారిపోతుంది."

ఫాదర్ గారి చెయ్యి పప్పు గిన్నె మీద ఆగింది. ఆయన జసింత వైపు చూడలేదు. తన కంచం వైపు చూసుకున్నారు. కాళ్ళ దగ్గర ఖాళీ సంచీ ఉంది.

జసింత సీసా వైపు చూసింది. చీటీ మీద శౌరమ్మ సిస్టర్ పేరు రాసి ఉంది. రాసింది తనే, గుండ్రటి అక్షరాలతో, మందులు కలిసిపోకుండా ఉండాలని. జాలీ వెనక చీకట్లో అంత తేలిగ్గా వచ్చిన మాటలు ఇప్పుడు నాలుక కింద రాళ్ళలా ఉన్నాయి. ఎదురుగా శౌరమ్మ సిస్టర్ తల వంచుకుని ముద్ద కలుపుకుంటోంది. తలెత్తలేదు. సాయం చేసే ఉద్దేశం ఆవిడకు లేదు.

జసింత లేచి నిలబడింది. బెంచీ నేలకు రాసుకుని కీచుమంది.

"శౌరమ్మ సిస్టర్ ప్రతిసారీ సేవ్ చేశారు," అంది.

శౌరమ్మ సిస్టర్ ముద్ద నోట్లో పెట్టుకుంది. తీరిగ్గా నమిలింది.

"గట్టిగా చెప్పమ్మాయ్," అంది. "ఫాదర్ గారికి అంతదూరం వినపడదు."